వేరు పుట్టే దాకా

ఎదురింటి ప్రహరీ మీంచి వాలిన కాగితప్పూల కొమ్మ మీద మీ మనసు పడింది. అడిగి నాలుగు ముక్కలు తెచ్చుకున్నారు. ఎర్రమట్టిలో పశువుల ఎరువు కలిపి కుండీల్లో గుచ్చారు. పన్నెండో రోజుకల్లా కణుపుల దగ్గర ఎర్రెర్రగా చిగుళ్లు లేచాయి. ఇంట్లో అందరినీ పిలిచి చూపించారు. ఆ సంబరంలో చెంచాడు యూరియా మొదట్లో చల్లి నీళ్లు పోశారు. మరో పది రోజులకి చిగుళ్లు తలలు వాల్చేశాయి. వేలితో తాకితే రాలిపోయాయి. ముక్కని పట్టి పైకి లాగితే ఏ అడ్డూ లేకుండా చేతిలోకి వచ్చేసింది. కింద ఒక్క వేరూ లేదు. నల్లబడి మెత్తబడిన మొదలు మాత్రం ఉంది.

కొమ్మలు నాటే అలవాటున్న వాళ్లలో ఈ బాధ పడనివాళ్లు అరుదు. నా డాబా మీద మొదటి ఏడాది ముప్ఫై ఆరు ముక్కలు నాటితే రెండే మిగిలాయి. ఆ ఏడాది నేను ఎరువుకి లోటు చేయలేదు. ఎరువు ఎప్పుడు వేయాలో తెలియక చేసిన నష్టం అది.

కొన్నాళ్ల తరవాత రాజమహేంద్రవరం పక్కన కడియం వెళ్లినప్పుడు ఒక నర్సరీలో పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా నిలబడి చూశాను. కటింగులు పెట్టే నీడ పందిరి ఒక మూల ఉంది, ఎదిగిన మొక్కల మడులు ఇంకో మూల. ఎరువు బస్తాలన్నీ మడుల దగ్గరే ఉన్నాయి. పందిరి కింద ఇసుక, తడిపిన కొబ్బరి పొట్టు, నీళ్ల గొట్టం, చిన్న గిన్నెలో హార్మోన్ మందు, అంతే. అక్కడ పనిచేస్తున్న ఆడవాళ్లు ముక్కని గిన్నెలో ముంచడం, పుల్లతో చేసిన గుంతలో దించడం, వేళ్లతో చుట్టూ నొక్కడం తప్ప ఇంకేమీ చేయడం లేదు. ఆ రెండు మూలల మధ్య దూరమే ఈ అధ్యాయం నిండా మీకు చెప్పబోయేది.

ముందు ఆ పన్నెండో రోజు చిగురు సంగతి తేల్చుకుందాం. వంటింటి బుట్టలో మిగిలిపోయిన ఉల్లిపాయ మొలకెత్తడం చూసే ఉంటారు. దానికి మట్టి లేదు, నీళ్లు లేవు, వేరు లేదు. తనలో దాచుకున్న తిండితోనే మొలక తోసింది. కాగితప్పూల కొమ్మ చేసేదీ అదే. ముదురు కొమ్మలో పిండి పదార్థం నిలవ ఉంటుంది. తడి, వెచ్చదనం తగలగానే మొగ్గలు ఆ నిలవని తినేసి విచ్చుకుంటాయి. ఆకులు పెరిగేకొద్దీ గాలిలోకి నీరు పోతుంది, కింది నుంచి తెచ్చిపెట్టే వేరు లేదు. నిలవ అయిపోయిన రోజున అన్నీ ఒక్కసారే వాలిపోతాయి. కాబట్టి చిగురు కనపడ్డ రోజు మీరు చేయవలసిన పని ఏమీ లేదు. చేతులు ఊరుకోకపోతే ఎరువు పొట్లం కింది వాటాలో ఎవరికైనా దాచమని ఇవ్వండి. నేను నిజంగా అలాగే చేశాను.

ఎరువు మొదలవ్వాల్సింది తల్లి దగ్గర

కోసిన ముక్కకి తిండి పెట్టలేం. ఆ తిండేదో కోయక ముందే, తల్లి మొక్క మీద ఉండగా, దాని ఒంట్లో చేరి ఉండాలి. అది కూడా ఏది పడితే అది కాదు.

1918లో అమెరికాలోని ఆరెగాన్‌లో క్రౌస్, క్రేబిల్ అనే ఇద్దరు టమాటా మొక్కలతో చేసిన పని తోటపనిలో ఉన్న ప్రతివారూ తెలుసుకోదగ్గది. నత్రజని తక్కువై, పిండి పదార్థం బాగా నిలవ ఉన్న పసుపుపచ్చ కాండాల ముక్కలు పుష్కలంగా వేళ్లు పోశాయి కానీ చిగుళ్లు నీరసంగా వచ్చాయి. పిండీ నత్రజనీ రెండూ ఉన్న ఆకుపచ్చ కాండాలు కాస్త తక్కువ వేళ్లు పోసి, బలమైన చిగుళ్లు తొడిగాయి. నత్రజని ఎక్కువై పిండి తక్కువైన లేత పచ్చ కాండాలు వేరూ చిగురూ లేకుండా కుళ్లిపోయాయి. మన డాబాల మీద వారం వారం యూరియా తాగి నవనవలాడే మందారం ఆ మూడో రకం. చూడముచ్చటగా ఉంటుంది, కణుపుకీ కణుపుకీ మధ్య బెత్తెడు జాగా ఉంటుంది, వంచితే మెత్తగా వంగుతుంది. దాని ముక్కలు నాటితే మురిగిపోతాయి.

అందుకని కొమ్మలు కోయాలనుకున్న మొక్కని రెండు నెలల ముందే ఎంచుకోండి. ఓసారి కత్తిరింపు చేస్తే కొత్త కొమ్మలు ఒకే ఈడులో వస్తాయి. మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో మామూలుగా వేయండి. కోసే ముందు మూడు నాలుగు వారాలు యూరియా పూర్తిగా ఆపండి. రోజంతా నీడలో ఉండే మొక్కని ఎండలోకి మార్చండి, ఎందుకంటే పిండి తయారయ్యేది ఎండలోనే. ఆకులు చిన్నవై ఈనెల మధ్య పసుపు చారలు కనిపిస్తే జింకు లోపం కావచ్చు. లీటరుకి రెండు గ్రాముల జింకు సల్ఫేటు కలిపి ఆకుల మీద చిమ్మితే సరిపోతుంది. జింకుకీ వేళ్లకీ దగ్గరి సంబంధం ఉంది. మొక్క తన ఒంట్లో వేరు పుట్టించే హార్మోన్ తయారుచేసుకోవాలంటే ట్రిప్టోఫాన్ అనే ముడిసరుకు కావాలి, అది తయారవ్వాలంటే జింకు కావాలి.

కొమ్మలో పిండి ఉందో లేదో కంటితో చూడొచ్చు. బడిలో సైన్సు మాస్టారు అన్నం మెతుకు మీద అయోడిన్ చుక్క వేసి నీలం నలుపు చేసి చూపించేవారు. అదే పరీక్ష. కోసిన కొమ్మ చివర్ని ఒక నిమిషం పలచటి అయోడిన్ ద్రావణంలో ఉంచి తీయండి. చుట్టూ ముదురు రంగు తేలితే నిలవ ఉన్నట్టు. ద్రాక్ష కొమ్మల్ని ఏరడానికి ఒకప్పుడు ఇదే పద్ధతి వాడారు. పరీక్షించిన ముక్కని నాటకండి, దాని తోబుట్టువుల్ని నాటండి.

కోతకు చల్లటి పొద్దుటి పూట మంచిది. బెత్తెడు నుంచి జానెడు ముక్క, మూడు నాలుగు కణుపులు ఉండేలా చూడండి. కింది కోత కణుపుకి ఆనుకుని ఏటవాలుగా, పై కోత తిన్నగా ఉండాలి. అలా చేస్తే ఏది తల, ఏది మొదలు అన్న అనుమానం రాదు. పూలూ మొగ్గలూ ఉంటే గిల్లేయండి, అవి నిలవ తిండిని ముందుగా లాక్కుంటాయి. పై రెండు ఆకులు ఉంచి, పెద్దవైతే సగానికి కత్తిరించండి. అన్నీ దూసేయకండి. ఆకుల్లో తయారయ్యే చక్కెర, హార్మోన్ రెండూ వేరుకి కావాలి.

కోసిన చోట ఏం జరుగుతుంది

గడ్డి మొలక వెలుగువైపు ఎందుకు వంగుతుందో కనిపెట్టబోయి చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ ఒక విషయం గమనించారు. వెలుగుని కనిపెట్టేది మొలక కొస, వంగేది మాత్రం దాని కింది భాగం. అంటే కొస నుంచి కిందికి ఏదో కబురు వెళుతోంది. 1880లో వాళ్లు పుస్తకంలో రాసిన ఆ కబురుని 1920లలో హాలెండులో ఫ్రిట్స్ వెంట్ అనే యువకుడు చేత్తో పట్టుకున్నాడు. ఓట్స్ మొలకల కొసలు కోసి అగర్ అనే జెల్లీ ముక్కల మీద పెట్టాడు. కొసలోని పదార్థం అగర్‌లోకి దిగింది. ఆ అగర్ ముక్కని తలలేని మొలక మీద ఓ పక్కకి పెడితే మొలక రెండో పక్కకి వంగింది. ఆ పదార్థమే ఆక్సిన్. 1930లలో దాని రసాయన రూపం తెలిసింది, అదే వేళ్లు పుట్టిస్తుందనీ తేలింది. 1935లో న్యూయార్కు దగ్గరి బాయ్స్ థాంప్సన్ సంస్థలో జిమ్మర్‌మన్, విల్కాక్సన్ దాని బంధువులైన ఇండోల్ బ్యుటిరిక్ యాసిడ్, నాఫ్తలీన్ అసిటిక్ యాసిడ్ ఇంకా బాగా పనిచేస్తాయని చూపించారు. ఇవాళ దుకాణంలో వేళ్ల పొడి పేరుతో మీరు కొనే డబ్బాలో ఉండేది ఎక్కువగా ఆ మొదటిదే. నర్సరీ వాళ్లు దాన్ని ఐబీఏ అంటారు. మొక్కలో సహజంగా ఉండే ఆక్సిన్ వెలుతురు తగిలితే, మొక్కలోని ఎంజైములు తగిలితే త్వరగా విరిగిపోతుంది. ఐబీఏ అంత త్వరగా పాడవదు. అందుకే ఇన్నేళ్లుగా నిలబడింది.

ఆక్సిన్ కొమ్మలో పైనుంచి కిందికే నడుస్తుంది. తల్లి మీద ఉన్నప్పుడు అది వేరు దాకా వెళ్లేది. ఇప్పుడు కోత దగ్గర దారి తెగి అక్కడే పోగుపడుతుంది. బెరడుకీ కలపకీ మధ్య ఉన్న పలచటి పొర చుట్టుపక్కల కణాలు ఆ పోగు చూసి తమ పాత పని వదిలేసి కొత్తగా విడిపోవడం మొదలుపెడతాయి. వాటిలో కొన్ని వేరు మొగ్గలవుతాయి. కోత చుట్టూ తెల్లగా గడ్డకట్టే కాయ మాత్రం గాయం మానిన గుర్తు. దాన్ని చూసి వేరు వచ్చేసిందనుకోకండి. కాయ కట్టీ వేరు పోయని కొమ్మలు చాలా చూశాను.

ముదురు కొమ్మ అయితే కింది భాగంలో ఒక పక్క చిటికెన వేలి గోరంత బెరడు పైపైన గీకండి. గాయం చుట్టూ ఆక్సిన్ పోగుపడి అక్కడి నుంచి కూడా వేళ్లు వస్తాయి, మందు లోపలికి దిగుతుంది.

ఇక్కడ చాలామంది పుస్తకాల్లో కూడా చెప్పని ముఖ్యమైన సంగతి ఒకటుంది. వేరు మొగ్గ పుట్టడానికి మొదటి మూడు నాలుగు రోజులు ఆక్సిన్ ఎక్కువ కావాలి. పుట్టిన మొగ్గ పొడుగు సాగడానికి ఆక్సిన్ తగ్గాలి. ఎక్కువైతే అదే వేరుని ఆపేస్తుంది. అందువల్ల హార్మోన్ ఒక్కసారి, కోసిన రోజున, ఐదు సెకన్లు, అంతే. వేళ్లు రాలేదని రెండో వారం ముక్కలు పీకి మళ్లీ ముంచడం, కుండీలో హార్మోన్ నీళ్లు పోయడం అంటే రాబోతున్న వేరుని గొంతులోనే ఆపేయడమే.

సీసాలో లెక్క

మోతాదు పీపీఎంలలో చెబుతారు. లీటరులో ఒక గ్రాము అంటే వెయ్యి పీపీఎం. పొడి డబ్బా మీద 0.1 శాతం అని ఉంటే అదీ వెయ్యే, 0.3 శాతం అంటే మూడు వేలు.

లేత కొసలతో నాటే అకలీఫా, క్రోటన్, డురాంటా లాంటి వాటికి వెయ్యి చాలు. మందారం, నందివర్ధనం, నూరువరహాల సగం ముదిరిన కొమ్మలకి రెండు వేలు. కాగితప్పూలలో పెన్సిలంత మందం ముదురు కొమ్మకి రెండు నుంచి మూడు వేలు. గన్నేరుకి హార్మోన్ దండగ, సీసాలో నీళ్లు పోసి ఉంచినా మూడు నాలుగు వారాల్లో వేళ్లు పోస్తుంది. దాని పాలు విషం కాబట్టి చేతికి తొడుగు వేసుకుని కోయండి, ఆ నీళ్లు పిల్లలకీ పశువులకీ అందనివ్వకండి. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు. మీ చేతిలో, మీ ఊరి వేడిలో, మీ రకం మొక్కకి సరైన అంకె మీరే కనుక్కోవాలి. ఎలాగో తరవాత చెబుతాను.

ఐబీఏ నీళ్లలో కరగదు. ఇంట్లోని తూకం వందల మిల్లీగ్రాముల్ని తూచలేదు. అందుకని ఒక గ్రాము సీసా మొత్తం ఒకేసారి వాడండి. మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ యాభై మిల్లీలీటర్లలో ఆ గ్రామూ కరిగించి, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ ఇంకో యాభై కలపండి. ఇప్పుడు మీ దగ్గర పది వేల పీపీఎం మూల ద్రావణం వంద మిల్లీలీటర్లు ఉంది. రెండు వేలు కావాలంటే అందులోంచి పది తీసి, ఆల్కహాలూ నీళ్లూ సమంగా కలిపినది నలభై చేర్చండి. వెయ్యికి ఐదుకి నలభై ఐదు, మూడు వేలకి పదిహేనుకి ముప్ఫై ఐదు. ఒట్టి నీళ్లతో పలచబరిస్తే మందు తెల్లగా విరిగి అడుక్కి దిగిపోవచ్చు. మూల ద్రావణాన్ని గోధుమరంగు సీసాలో పోసి, పేరు, తేదీ రాసి, పిల్లలకి అందకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. పొయ్యి దగ్గర ఈ పని చేయకండి.

ముంచేది కింది రెండు సెంటీమీటర్లు. తీశాక ఆల్కహాలు ఆరేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగి నాటండి. వాడగా మిగిలింది మళ్లీ సీసాలో పోయకండి, అందులో కొమ్మల రసమూ రోగమూ ఉంటాయి. పొడి వాడేవాళ్లు కొంచెం కాగితం మీద వేసుకుని, తడి చేసిన మొదలుని అందులో అద్ది, గోరుతో తట్టి రాల్చాలి. ముందుగా పుల్లతో గుంత చేసి అందులో దించితే పొడి ఇసుకకి రాసుకుపోదు.

మోతాదు మించితే కొమ్మ తెలియజేస్తుంది. మొదలు ఉబ్బి నల్లబడుతుంది, ఆకులు పసుపై రాలతాయి, పై మొగ్గలు నిద్రపోయినట్టు కదలవు. ఆక్సిన్ ఎక్కువైతే మొక్క ఇథిలీన్ అనే వాయువు విడుదల చేస్తుంది, ఆకులు రాల్చేది అదే. ఇంకో మాట చాలా గట్టిగా చెప్పాలి. వరిచేలల్లో కలుపుకి కొట్టే టూ-ఫోర్-డీ కూడా ఆక్సిన్ కుటుంబం లోనిదే. వెడల్పాకు కలుపుని అది ఆక్సిన్ మితిమీరించి చంపుతుంది. ఆ మందు కొట్టిన స్ప్రేయరు ఎంత కడిగినా సరే, కటింగుల మీద నీళ్లు చిమ్మడానికి వాడకండి. దీనికోసం విడిగా ఒక చిన్న స్ప్రే బాటిల్ కొనుక్కోండి.

దుకాణంలో దొరికే మిగతా హార్మోన్లు

పెరుగుదల మందు అంటూ అమ్మే సీసాల్లో చాలావరకు జిబ్బరెల్లిక్ యాసిడ్ ఉంటుంది. దాని పుట్టుక వరిచేలోనే. నారు వెర్రిగా పొడుగెదిగి, పాలిపోయి, పడిపోయే తెగులుని జపాన్ రైతులు వెర్రి నారు అనే అర్థంలో బకానే అనేవారు. ఆ పొడుగుకి కారణం ఒక బూజు స్రవించే పదార్థమని 1926లో కురొసావా చూపించాడు. ద్రాక్ష గుత్తుల్లో పండు లావెక్కడానికి దాన్ని వాడతారు, అక్కడ అది మంచిదే. వేరు లేని కొమ్మ మీద చిమ్మితే మాత్రం చిగురుని సాగదీసి వేరుని అణిచేస్తుంది. మీరు తప్పించుకోవాలనుకుంటున్న పన్నెండో రోజు చిగురుని అది మందు పెట్టి మరీ తెప్పిస్తుంది.

సైటోకైనిన్ అనే ఇంకో హార్మోన్‌దీ అదే తీరు. 1957లో స్కూగ్, మిల్లర్ పొగాకు కాండపు గుజ్జు మీద చేసిన ప్రయోగంలో ఆక్సిన్ ఎక్కువైతే వేళ్లు, సైటోకైనిన్ ఎక్కువైతే చిగుళ్లు, రెండూ సమానంగా ఉంటే ఉట్టి గడ్డ వచ్చింది. మన కోనసీమ కొబ్బరి నీళ్లలో ఈ సైటోకైనిన్లు ఉన్నాయి. టిష్యూ కల్చర్ ప్రయోగశాలల్లో కొబ్బరి నీళ్లు వాడేది అందుకే. దాన్నిబట్టి కటింగులని కొబ్బరి నీళ్లలో నానబెట్టాలనడం సరికాదు. మనకి కావాల్సింది వేళ్లు. పైగా ఆ తీపికి బూజు చేరుతుంది. తేనె కూడా ఆక్సిన్‌కి బదులు కాదు.

పాత పద్ధతుల్లో నేను గౌరవించేది పేడ ముద్ద. కంచెకి కొమ్మలు పాతినప్పుడు పైకోత మీద పేడ అద్దడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలోని వృక్షాయుర్వేద అధ్యాయంలోనూ కొమ్మ నాటేటప్పుడు పేడ పూయమన్న మాట ఉంది. పై కోత ఆరిపోకుండా అది మూత వేస్తుంది. కింద, మట్టిలో, పచ్చి పేడ కలపడం వేరే సంగతి. అది కుళ్లు తెస్తుంది.

మాగాయ ఊట

నాటే మిశ్రమంలో ఎరువెందుకు వద్దంటానో చెబుతాను. మామిడికాయ ముక్కల్లో ఉప్పు కలిపి జాడీలో పెడితే మూడో రోజుకి ముక్కలు ముడుచుకుపోయి ఊట తేలుతుంది. ఆ నీరంతా ముక్కలోదే, ఉప్పు దాన్ని బయటికి లాగింది. యూరియా, డీఏపీ, పొటాష్, కడగని కొబ్బరి పొట్టులోని లవణాలు, అన్నీ కొమ్మ మొదలు దగ్గర చేసేది ఆ పనే. వేరున్న మొక్కకి తట్టుకునే శక్తి కొంత ఉంటుంది. కోత నోరు తెరుచుకుని ఉన్న ముక్కకి ఏమీ లేదు. యూరియా విరిగినప్పుడు వచ్చే అమ్మోనియా ఆ పచ్చి గాయాన్ని కాలుస్తుంది కూడా.

డీఏపీ వేస్తే వేళ్లు వస్తాయన్న నమ్మకం మన రైతుల్లో గట్టిగా ఉంది. భాస్వరం లేని నేలలో ఉన్న వేరు ఎదగదు, అది నిజం. కానీ లేని వేరుని భాస్వరం పుట్టించదు. ఎక్కువైన భాస్వరం జింకునీ ఇనుమునీ మొక్కకి అందకుండా చేస్తుంది. నూరువరహాలు ఆకులు పసుపెక్కి దిగాలుగా ఉండే తోటల్లో చాలాసార్లు కారణం ఇదే, లేదా ఉప్పు, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు. గోదావరి కాలవ నీళ్లతో కడియంలో సాగే పని హైదరాబాద్ డాబా మీద బోరు నీళ్లతో అలాగే సాగుతుందనుకోకండి. వాన నీళ్లు పట్టి పెట్టుకోండి. కటింగులకి ఎంత కావాలి, రెండు బిందెలు చాలు.

మిశ్రమం ముతక ఇసుక సగం, రెండుసార్లు నానబెట్టి పిండిన కొబ్బరి పొట్టు సగం. కాల్చిన ఊక దొరికితే కొంత కలపండి. కుండీ మీద పారదర్శకమైన పాలిథిన్ సంచి బోర్లించి, ఎండ పడని వెలుతురులో పెట్టండి. రోజుకోసారి సంచి ఎత్తి గాలి మార్చండి. తడిగా ఉండాలి, చిత్తడి కాకూడదు. పిడికెడు మిశ్రమాన్ని పిండితే చుక్క రాలీ రాలనట్టుండాలి. జూలై, ఆగస్టు నెలల్లో గాలిలోని తేమ మీ పని సగం చేసిపెడుతుంది. మే నెలలో మొదలుపెట్టి బాధపడకండి.

ఇక మిగిలింది ఎదురుచూపు. క్రోటన్‌కీ మందారానికీ నెల, నెలన్నర. నూరువరహాలకి రెండు నెలల దాకా. కాగితప్పూలకి రెండు నెలలు దాటినా ఆశ్చర్యపోకండి. ఈ రోజుల్లో మనల్ని తినేసే కోరిక ఒకటే, కొంచెం పైకి లాగి చూద్దామని. కాగితప్పూల వేళ్లు దారాల్లా సన్నగా, గాజులా పెళుసుగా ఉంటాయి. మీరు చూసిన క్షణమే తెగుతాయి. దీనికో ఉపాయం: అడుగున చిల్లులు పెట్టిన పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసులో నాటి, దాన్ని రంగు గ్లాసులో దించండి. వేరు చీకట్లోనే పెరుగుతుంది, మీకు చూడాలనిపించినప్పుడు లోపలి గ్లాసు ఎత్తి చూసుకోవచ్చు.

మీ అంకె ఎలా కనుక్కోవాలన్నాను కదా. ఒకే తల్లి నుంచి, ఒకే రోజు, ఒకే మందం ముక్కలు నలభై కోయండి. పదింటికి వెయ్యి, పదింటికి రెండు వేలు, పదింటికి నాలుగు వేలు. మిగతా పదింటికి మందు లేని ఆల్కహాలు నీళ్లు మాత్రమే. ఆ చివరి పదీ మీకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పుతాయి. వాటిలో ఎనిమిది బతికితే ఆ మొక్కకి మీరు హార్మోన్ కొనక్కర్లేదు. నోటు పుస్తకంలో తేదీ, మోతాదు, బతికినవెన్ని, వేళ్లు ఎన్ని, ఎంత పొడుగు రాయండి. నాలుగు వేలలో వేళ్లు గుత్తిగా, పొట్టిగా, లావుగా ఉండి, రెండు వేలలో తక్కువైనా పొడుగ్గా, పిల్లవేళ్లతో ఉంటే రెండు వేలదే పైచేయి. కుండీ మారిస్తే బతికేవి అవే.

ఇప్పుడు తూచండి

గ్లాసు గోడకి తెల్లటి వేళ్లు మూడు నాలుగు ఆనుకుని, రెండు అంగుళాలు సాగి కనిపించిన రోజున ఎరువు పొట్లం వెనక్కి తెచ్చుకోండి. నీళ్లలో కరిగే, నత్రజని 19 శాతం ఉండే 19-19-19 ఎరువు మంచిది. లీటరుకి అర గ్రాము. అంటే నత్రజని 95 పీపీఎం. హార్మోన్‌కి నేర్చుకున్న లెక్కే ఇక్కడా పనికొస్తుంది. మొక్కకి యాభై మిల్లీలీటర్లు, వారానికోసారి. ఆ యాభైలో ఉండే నత్రజని ఐదు మిల్లీగ్రాములకి కాస్త తక్కువ. మొదట్లో మనం ప్రేమగా చల్లిన చెంచా యూరియాలో నత్రజని గ్రామున్నర పైనే. కొత్త వేరు తాగగలిగిన దానికి మూడు వందల రెట్లు ఎక్కువ. ఈ లెక్క వేసుకున్న రోజు నా ముప్ఫై నాలుగు ముక్కలూ ఎందుకు పోయాయో నాకు స్పష్టంగా కనిపించింది.

రెండు వారాల తరవాత లీటరుకి ఒక గ్రాముకి పెంచవచ్చు. మిశ్రమం ఎండి ఉన్నప్పుడు ఎరువు నీళ్లు పోయకండి, ముందు మామూలు నీళ్లతో తడపండి. పాలిథిన్ సంచిని ఒక్కసారే తీసేయకుండా రోజుకి కాసేపు చొప్పున పెంచుతూ వారం పది రోజుల్లో పూర్తిగా తీయండి. ఆ తరవాతే ఎర్రమట్టి, మాగిన ఎరువు కలిపిన పెద్ద కుండీకి, గడ్డ చెదరకుండా మార్చండి. నూరువరహాలకి ఇనుము అందేలా చూడండి. కాగితప్పూలకి ఎదిగాక నత్రజని తగ్గించండి, లేకపోతే ఆకులే తప్ప రంగు చూడలేరు.

కొత్త కుండీలో మొక్క నిలదొక్కుకుని జానెడు పెరిగాక కొస నాలుగు అంగుళాలు కత్తిరించండి. పక్క కొమ్మలు గుబురుగా వస్తాయి. కత్తిరించిన ఆ కొసని పారేయకండి. అది లేత ముక్క, వెయ్యి పీపీఎం చాలు. సీసా ఫ్రిజ్‌లోనే ఉంది.